వాలుగ: పిల్లలకు చెప్పవలసిన ఒక చేప చరిత్ర

సముద్రం లేని సీమ మాది. అయినా సముద్రాలకు కొదవ లేదు. ఖిల్లా ఘణపూర్‌లో కోటకొండల దాపున ఉన్న పెద్దచెరువు పేరు గణపసముద్రం. వనపర్తి సంస్థానాధీశులు తవ్వించిన చెరువులకు సప్తసముద్రాలని ప్రసిద్ధి. కాకతీయుల కాలపు శాసనాలు చదివినవారికి ఈ పేర్లు వింతగొలపవు. చెరువు పేరు చివర సముద్రమనే మాట చేర్చడం ఆనాటి పరిపాటి. వానలు అరుదైన నేలలో నీటిని నిలిపినవాడు సముద్రాన్నే సృష్టించినట్లు భావించారు కాబోలు.

ఇన్ని సముద్రాలున్న చోట పెరిగే పిల్లలకు వేటచేప అనగానే గుర్తుకు వచ్చేది మాత్రం ఎక్కడో మహాసముద్రంలోని సొరచేప. టీవీ పుణ్యమా అని అమెజాన్ నదిలోని పిరానా పేరు కూడా వారికి తెలుసు. తమ ఊరి చెరువులో, తమ జిల్లా దక్షిణపు అంచున పారే కృష్ణలో, తమకంటె పొడవు పెరగగల వేటచేప ఒకటి ఉన్నదని చెబితే నమ్మరు. దాని పేరు వాలుగ. ఉద్యోగ విరమణ తరువాత కూడా పిల్లలను పోగుచేసి పాఠం చెప్పే అలవాటు పోని నేను, ఈ చేపను వారికి ఎలా పరిచయం చేయాలని చాలాకాలం ఆలోచించాను. ఆలోచించిన కొద్దీ ఇది జంతుశాస్త్రం పాఠమే కాదు, చరిత్ర పాఠం, తెలుగు పాఠం కూడానని తోచింది.

మొదట ఆకారం. పిల్లలకు కొలతలు అంకెలలో చెబితే ఎక్కవు. అందుచేత వరండాలో చాక్‌పీసుతో రెండు మీటర్ల గీత గీయించాను. వాలుగ అంతకు మించి కూడా పెరగగలదని మత్స్యశాస్త్ర గ్రంథాలు నమోదు చేశాయి. వలకు సాధారణంగా పడేవి ముప్పావు మీటరు లోపువే అనుకోండి. గీత పక్కన పొడుగాటి కుర్రవాణ్ణి పడుకోబెట్టాము. గీతే గెలిచింది. తరువాత ఆ గీత చుట్టూ చేపను గీశాము. పొలుసు లేని, వెండి మెరుపుగల నున్నని ఒళ్లు. బల్లపరుపుగా, వెడల్పుగా ఉన్న తల. కన్నును దాటి వెనక్కి చీలిన నోరు. రెండు జతల మీసాలు, వాటిలో పైజత మరీ పొడవు. వీపు మీద చిన్న రెక్క ఒక్కటే. కడుపు కింద మాత్రం తోకదాకా సాగిన పొడుగాటి రెక్క. పగలు ఒడ్డు బొరియలలో, లోతు మడుగులలో పొంచి ఉండి, రాత్రివేళ వేటకు బయలుదేరుతుంది. చేపలు, రొయ్యలు, కప్పలు దాని ఆహారం.

బొమ్మ గీసిన మరునాడు పిల్లలను చెరువు కట్టకు తీసుకుపోయాను. వల తీస్తున్న పెద్దాయన బుట్టలో మూరెడు వాలుగ ఒకటి ఉన్నది. ఒక పిల్లవాడు ఉత్సాహంగా దాని నోట్లోకి వేలు పోనిస్తుంటే ఆయన చప్పున వారించాడు. "చెయ్యి పెట్టకు బిడ్డా, పండ్లు గుచ్చుకుంటయి. ఒకటా రెండా, లెక్కనే లేవు" అన్నాడు.

లెక్కలేవు అన్న ఆ మాట వినగానే నాకు అమరకోశం జ్ఞాపకం వచ్చింది. అందులో వారివర్గం అనే భాగంలో చేపల పేర్లు వస్తాయి. పాఠీనమనే చేపకు అమరసింహుడు చెప్పిన పర్యాయం సహస్రదంష్ట్రం, అంటే వేయి కోరలది. పాఠీనమంటే మన వాలుగే. దాని దవడలలో పండ్లు ఒక వరుసగా కాక, సన్నని ముళ్లు దట్టంగా నాటిన పట్టీల వలె ఉంటాయి. అవి నమలడానికి కాదు, జారిపోయే చేపను పట్టి నిలపడానికి. నిఘంటువు చెప్పిన వేయి, కట్ట మీది పెద్దాయన చెప్పిన లెక్కలేనితనం ఒకే దృశ్యం నుంచి పుట్టాయి. పండితుడూ జాలరీ ఒకే నోటిలోకి చూశారు. ఈ సంగతి చెప్పినప్పుడు పిల్లల ముఖాలలో కలిగిన వెలుగు, అమరం వల్లె వేయించిన రోజులలో నేనెన్నడూ చూడలేదు.

పాఠీనం మన ప్రాచీన గ్రంథాలలో తరచు కనబడే చేప. మనుస్మృతి భక్ష్యాభక్ష్యాలను విధించే చోట, తినదగిన చేపల కోవలో పాఠీన రోహితాలను పేర్కొన్నది. రోహితం ఈనాటి రోహు. ఒకటి గడ్డి, నాచు మేసే సాధువు. రెండవది వేటగాడు. రెండూ ఒకే విస్తట్లో చేరాయి.

ఇక ఈ చేప పేరు ప్రపంచానికి ఎక్కిన కథ. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1727లో స్కాట్లండ్‌లోని ఎడింబరోలో జన్మించాడు. సిరియాలోని అలెప్పోలో చాలాకాలం వైద్యం చేసి, 1781లో తన తమ్మునితో కలిసి విశాఖపట్నం చేరాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయనను కర్ణాటక ప్రాంతపు ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది. రక్తపింజరిని ఆంగ్లంలో రస్సెల్ పేరుతోనే పిలుస్తారు. కోరమండల్ తీరపు పాములపై ఆయన గ్రంథం 1796లో వెలువడింది. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలతో మరొక గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది.

రస్సెల్ చేసిన ఒక పనికి తెలుగువారు ఆయనకు ఋణపడి ఉన్నారు. ఏ జీవిని చూసినా ఆయన ముందుగా స్థానికులను దాని పేరు అడిగి, విన్నది విన్నట్లు రోమను లిపిలో రాసుకున్నాడు. రక్తపింజరికి ఆయన నమోదు చేసిన పేరు కాటుకరేకుల పొడ. ఎంత అందమైన పేరో చూడండి! బంగారుపాము అని ఆయన రాసుకున్న మాట నుంచి కట్లపాముల ప్రజాతికి బంగారస్ అనే శాస్త్రీయనామం వచ్చింది. అదే తీరున వాలుగ ఆయన చెవికి వాలగూ అని వినిపించింది, ఆయన పుస్తకంలో అట్లే నిలిచింది. 1840లో వాలెన్సియెన్ అనే ఫ్రెంచి పండితుడు ఆ వాలగూనే చేప పేరులో చేర్చాడు. 1851లో పీటర్ బ్లీకర్ అనే డచ్చి సైనిక వైద్యుడు, జావా ద్వీపంలోని బటావియాలో ఉండి, ఈ రకం చేపలకు ఒక ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచి దానికి వాలగో అని పేరు పెట్టాడు. ఆ పేరు నేటికీ చెల్లుతున్నది.

పూర్తి పేరు వాలగో అట్టు. ఈ రెండవ మాట సంగతి మరింత రుచికరం. 1801లో జర్మను పండితులు బ్లోక్, ష్నైడర్ల గ్రంథంలో ఈ చేప తొలిసారి శాస్త్రీయంగా వర్ణితమైంది. అక్కడ అది సిలురస్ అట్టు. మలబారు నుంచి వచ్చిన నమూనాతో పాటు అట్టువాలా అనే తమిళనామం వారికి చేరింది. ఆట్రువాళై అంటే నదిలోని వాళై. తమిళంలో నది ఆఱు, తెలుగులో ఏఱు. తమిళంలో ఆఱు మరో మాట ముందు చేరితే ఆట్రు అవుతుంది. తెలుగులో ఏఱు ఏటి అవుతుంది. ఔపవిభక్తికాల గురించి వ్యాకరణం చదివినవారికి ఇది పరిచయమైన మార్పే. వాలుగ, వాళై, మలయాళపు వాళ కూడా ఒక తల్లి బిడ్డలు. కత్తికి వాలు అనే పాతమాట తెలుగులో ఉన్నది. కత్తివలె పొడవుగా, పలుచగా, తళతళలాడే ఈ చేపకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చి ఉంటుందని నా ఊహ.

ఇంతకూ ప్రపంచంలోని ఏ విశ్వవిద్యాలయంలోనైనా, ఏ ప్రదర్శనశాల గాజుసీసా మీదనైనా వాలగో అట్టు అని రాశారంటే, వారు తెలియకుండానే ఏటివాలుగ అని రాస్తున్నారన్నమాట. మొదటి మాట తెలుగు జాలరిది, రెండవ మాట తమిళ జాలరిది. ఆ జాలరుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వారి మాట మాత్రం నిలిచింది.

ఇప్పుడు మన పిల్లల పరిస్థితి చూడండి. పై తరగతులలో వారు ఈ పేరును లాటిను మాటగా భావించి బట్టీపడతారు. తెలుగులో దీని పేరేమిటని అడిగితే మంచినీటి సొరచేప అంటారు. అది ఆంగ్లంలోని వాడుకపేరుకు అనువాదం. మన మాట ఓడ ఎక్కి దేశాలు తిరిగి ఇల్లు చేరితే, ఇంట్లోవారు గుర్తుపట్టక పరాయిదని వాకిట నిలబెట్టినట్లున్నది.

చెరువు కట్ట మీదనే ఒక బాలిక అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. "సార్, చిన్నచేపల్ని తింటది గదా, మరి దీనికి పాపం తగలదా?" అన్నది. మత్స్యన్యాయమనే మాటను మనం పెద్ద చిన్నను మింగడమనే అర్థంలో వాడుతాము. శతపథ బ్రాహ్మణంలోని ప్రళయకథలో మనువు చేతికి చిక్కిన చిన్నచేప తనను కాపాడమని వేడుకుంటుంది. చిన్నగా ఉన్నంతకాలం చేపకు చేపే గండమని చెబుతుంది. మనువు దానిని కుండలో, గుంటలో పెంచి చివరకు సముద్రంలో విడుస్తాడు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో దండనీతి లేని రాజ్యంలో మత్స్యన్యాయం చెలరేగి బలవంతుడు బలహీనుణ్ణి మింగుతాడన్నాడు. ఆ నింద రాజుకు, మనిషికి చెందినది. చేపకు దండనీతి లేదు, ఆకలి మాత్రమే ఉన్నది. ఆకలి తీరిన వాలుగ మరునాటికని చేపలను కొట్టి కుప్పవేయదు. అందుకే పిల్లలకు దీనిని రాక్షసచేప అని పరిచయం చేయడం నాకు సమ్మతం కాదు. ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. కొంతసేపు ఆలోచించి, "అయితే మనకే తగులుతది" అన్నది.

ఆమె మాట నిజమయ్యే రోజులివి. వాలుగ వానాకాలపు వరద నీటిలో ఎదురీది, నిస్సారపు మెరకలలో గుడ్లు పెట్టే చేప. కృష్ణ మీద నాగార్జునసాగర్, శ్రీశైలం, జూరాల వరుసగా వెలసి లక్షల ఎకరాల ఆశలకు నీరందించాయి. వాటి మేలును కాదనే కృతఘ్నుణ్ణి కాను. కాని నదిని అడ్డుకట్టలు తెగగొట్టినప్పుడు ఎదురీదే చేపకు దారి మూసుకుపోతుంది. సన్నకన్ను వలలు పిల్లచేపను కూడా వదలవు. చేపల పెంపకంలో వాలుగ, కొర్రమీనులకు పగవారని పేరు. పిల్లచేపలను వదిలే ముందు నర్సరీ కుంటలలో ఇప్పచెక్క చల్లి వేటచేపలను తొలగించడం పెంపకందారుల పద్ధతి. కుంటలో అది అవసరమే. అయితే నదికీ, తరతరాల ఊరిచెరువుకూ అదే దృష్టి సోకితే మిగిలేవి మూడు నాలుగు జాతుల పెంపుడు చేపలే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం తన ఎర్రజాబితాలో వాలుగను ముప్పున్న జాతుల కోవలో చేర్చింది.

కొర్రమీను తెలంగాణ రాష్ట్రమత్స్యంగా గౌరవం పొందింది, సంతోషం. వాలుగకు పదవి అక్కరలేదు, గుర్తింపు కావాలి. ప్రతి చెరువున్న ఊరిలో ఉపాధ్యాయులు ఒక్కరోజు పిల్లలను కట్ట మీదికి తీసుకుపోయి, వల తీసేవారిచేత చేపల పేర్లు చెప్పించి, రాయించాలని నా కోరిక. పరక, జెల్ల, ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి, వాలుగ. రస్సెల్ అంత దూరం నుంచి వచ్చి అడిగి రాసుకున్నాడు. మన పిల్లలు అడగవలసినవారు పక్కవీధిలోనే ఉన్నారు. అడిగేవారు లేక ఆ పెద్దలతోపాటే ఈ పేర్లు వెళ్లిపోతే, చెరువులో వాలుగ మిగిలినా దానిని మన మాటతో పిలిచేవారుండరు.