బావి పోయింది, ఈత పోయింది



విలేకరిగా ఇన్నేళ్లలో పేరూ ఊరూ మాత్రమే మారుతూ నేను మళ్లీ మళ్లీ రాసిన వార్త ఒకటుంది. ఈతకు వెళ్లి చెరువు గుంతలో మునిగి బాలుడి మృతి. నాలుగు లైన్ల వార్త. ఆ ఇంట్లో మాత్రం అది జిందగీ అంతా ఉండే గమ్.

మా మెదక్ జిల్లా టేక్మాల్ లాంటి మండల కేంద్రంలో ఆటల సెంటర్ వస్తుందంటే వాలీబాల్ కోర్టు అడుగుతాం, జిమ్ అడుగుతాం. స్విమ్మింగ్ పూల్ అనగానే 'అది షహర్ వాళ్ల షోఖు' అనేస్తాం. తారీఖ్ చూస్తే సంగతి వేరు.

పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపుస్వారీ నేర్పించమన్న నసీహత్‌ను హజ్రత్ ఉమర్ (ర) మాటగా చెబుతారు. ఉర్దూ మీడియం బడిలో ఉస్తాద్ ఇది చెప్పినప్పుడు మాకు వింతగా అనిపించలేదు. అప్పటికే అందరికీ ఈత వచ్చు.

ఆ తాలీమ్‌కు ఫీజు లేదు. మోటబావే మదర్సా. నడుముకు బెండ్లో, ఎండిన ఆనపకాయ బుర్రో కట్టి చాచా నీళ్లలోకి దింపేవాడు, తాడు కొస తన చేతిలోనే పెట్టుకునేవాడు. కొన్నాళ్లకు బుర్ర తీసేసేవాడు. ఆ తర్వాత గట్టు మీంచి దూకుడే.

1980ల తర్వాత బోర్లు పెరిగాయి. భూమిలో నీళ్లు లోతుకు దిగాయి. బావులు ఎండాయి, చాలావాటిని పూడ్చేశారు. మోట పోయిందని అందరం యాద్ చేసుకుంటాం. దానితోపాటు ఈత బడి కూడా మూతపడిందని ఎవరూ రాసుకోలేదు. ఇటు చెరువుల్లో మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు నీళ్లు నిండితే పైకి కనబడవు. దాదాలకు తెలిసిన చెరువు అడుగు మన పిల్లలకు తెలియదు.

సర్కారు పూల్స్ కట్టలేదని కాదు. 2002లో హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ జరిగాయి. ఆ రోజుల్లోనే గచ్చిబౌలిలో పెద్ద పూల్ లేచింది. అది పోటీల కోసం, అదీ షహర్‌లో. 2022లో తెలంగాణ క్రీడా ప్రాంగణాలు మొదలయ్యాయి. ఊరూరా ఆట స్థలం ఉండాలన్నది మంచి నియ్యత్. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్‌కు జాగా దొరికింది. ఈతకు దొరకలేదు.

మైదానం విలువ మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో స్కూల్ టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ కోచింగ్‌లోనే భారత ఫుట్‌బాల్ జట్టు 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ గోల్డ్ గెలిచింది. కానీ ఫుట్‌బాల్ రాకపోతే జాన్ పోదు. ఈత రాకపోతే పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోతున్నారు.

పైసలెక్కడివి అంటారా? బంగ్లాదేశ్‌లో దీనికి ఒక జవాబ్ ఉంది. అక్కడ 'స్విమ్‌సేఫ్' పేరుతో ఊరి చెరువులోనే వెదురు బొంగులతో అడ్డు కట్టి, కాళ్లు ఆనేలా వెదురు తడిక వేసి పిల్లలకు ఈత నేర్పారు. 2021లో ఐక్యరాజ్య సమితిలో నీటి మరణాల మీద తీర్మానం తెచ్చిన ముల్క్‌లు కూడా బంగ్లాదేశ్, ఐర్లాండ్‌లే. జూలై 25ను ప్రపంచ దినంగా ప్రకటించింది అప్పుడే.

ఒక మాట ఒప్పుకోవాలి. మా బావి బడి మగపిల్లలదే. మా బెహన్‌లు గట్టున నిలబడి మా బట్టలకు కాపలా కాసేవారు. ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం పెట్టుకున్నారని హదీస్‌లో చదివిన మనమే బేటీలను గట్టున నిలబెట్టాం. నీళ్లు మునిగేవాళ్లు ఆడా మగా అని చూడవు.

కాబట్టి ఎక్కడ ప్లాన్ గీసినా మనం అడగాల్సింది పోటీల పూల్ కాదు. పిల్లల కాళ్లు ఆనే లోతు, నీళ్లను తిప్పి శుభ్రం చేసే ఫిల్టర్, జీతమిచ్చి పెట్టిన లైఫ్‌గార్డ్ కావాలి. ఆడవాళ్లకు వేరే టైం, మహిళా కోచ్, చుట్టూ గోడ ఉండాలి. పర్దా ఒక బహానా కాకుండా చేసే ఇంతెజాం ఇదే. అప్పటిదాకా చెరువు గుంతల చుట్టూ కంచె వేయమని పంచాయతీని అడగడం మన హక్.

ఈసారి గ్రామసభకు వెళ్తే ఈ సవాల్ మీరే లేవదీయండి. మీ బేటీని కూడా వెంట తీసుకెళ్లండి.

ఖుదా హాఫిజ్.