ఇన్‌స్టాలరు గర్భమునందలి వెర్షన్ సంఖ్య

1999వ సంవత్సరమున ఆఫీస్ 2000తో గూడ మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఇన్‌స్టాలరును లోకమునకు సమర్పించుటకు పూర్వము, ఒక్కొక్క సాఫ్ట్‌వేరు తన స్థాపనకార్యమును తనకు దోచిన విధమున నిర్వర్తించుకొనుచుండుటచే, వందలకొలది కంప్యూటర్లను సంరక్షించు ఉద్యోగి, ఏ ఫైలునందు ఏ వెర్షన్ కలదో నిశ్చయించుటకు తరచు దాని పేరునే నమ్మవలసివచ్చెడిది.

ఆ ఇన్‌స్టాలరుతో నూతనముగా వచ్చిన ఎంఎస్‌ఐ ఫైలో, బాహ్యమునకు ఒకే మూటవలె గానవచ్చినను, అంతరమున పెక్కు పట్టికలతో గూడిన డేటాబేసు. అందు ప్రాపర్టీ యను పట్టికలో, ప్రొడక్ట్‌వెర్షన్ అను పేరున, వెర్షన్ సంఖ్య లిఖింపబడి యుండును. విబిస్క్రిప్టు అను స్క్రిప్టు భాషలో కొలది పంక్తులు వ్రాసి, ఫైలును పఠనమాత్రమునకై తెరచి, ఎస్‌క్యూఎల్ భాషలో నొక ప్రశ్న వేసినచో, సాఫ్ట్‌వేరును స్థాపింపకయే యుత్తరము లభించెడిది. స్థాపనావిధి నంతయు ప్రశ్నింపదగిన పట్టికలుగా మలచిన యీ యూహ, నా దృష్టిలో, మిక్కిలి గౌరవింపదగినది.

ఆ సంఖ్యకును నియమము కలదు: మొదటి రెండు భాగములు 255ను, మూడవది 65,535ను మించరాదు; నాలుగవ భాగమును వ్రాసినను, వెర్షన్లను పోల్చునపుడు ఇన్‌స్టాలరు దానిని లెక్కింపదు.

2006లో పవర్‌షెల్ వచ్చిన పిదప స్క్రిప్టు భాష మారెనే గాని, అడుగు ప్రశ్న యదియే. విబిస్క్రిప్టును విండోస్ నుండి క్రమముగా తొలగింతుమని 2023లో మైక్రోసాఫ్ట్ ప్రకటించెను.