ఆసు పోసిన తల్లి



ఇటువంటి సంచికల్లో సంఘం పెట్టినవాళ్ళను, గుడి కట్టించినవాళ్ళను, పదవులు చేసినవాళ్ళను తలచుకోవడం మనకు ఆనవాయితీ. అది మంచిదే. ఈసారి ఏ పదవీ లేని ఒక తల్లిని తలచుకుందాం. ఆమె పేరు లక్ష్మి. ఊరు ఆలేరు దగ్గర శారాజీపేట. అది ఒకప్పుడు నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా.

దుబల్గుండిలో ఉన్న మనకు ఆలేరు అమ్మ సంగతి ఎందుకు అనుకోవద్దు. 1956 దాకా బీదరూ, నల్లగొండా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. ఆ ఏడు నవంబర్ 1న మనం మైసూరు రాష్ట్రంలోకి వచ్చాం, వాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయారు. నడుమ గీత పడింది గాని మగ్గం మారలేదు, మగ్గం వెనుక ఆడవాళ్ళ కష్టమూ మారలేదు.

మామూలు బట్ట నేసే ఇళ్ళకు ఆసు సంగతి అంతగా తెలియదు. పోచంపల్లి రకం చిటికి చీరల్లో డిజైను మగ్గం మీద పుట్టదు, అంతకుముందే నూలు మీద పుడుతుంది. నూలును లెక్క ప్రకారం పేర్చి, అక్కడక్కడా బిగించి కట్టి, రంగులో ముంచాలి. ఆ పేర్చడమే ఆసు పోయడం. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రం లాగా వరుసగా మేకులు. దారం పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్ళీ వెనక్కి చేయి ఆడిస్తూనే ఉండాలి. ఒక్కో విసురు దాదాపు మీటరు దూరం. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు చేయి ఆడాలి. ఈ పని చాలావరకు ఆడవాళ్ళదే. లెక్క తప్పితే డిజైను చెడుతుంది. వంట, పిల్లలు, నీళ్ళు మోయడం దీనికి అదనం.

లక్ష్మి ఏళ్ళ తరబడి ఆ పని చేసింది. భుజాలు, మోచేతులు పట్టేసి, ఇక నా వల్ల కాదనే స్థితికి వచ్చింది. ఆ నొప్పి ఎన్ని ఇళ్ళల్లో లేదు! ఆడవాళ్ళకు అది మామూలే అని వదిలేస్తాం. ఆమె కొడుకు చింతకింది మల్లేశం వదిలేయలేదు. ఆరో తరగతితో బడి మానేసి ఇంటి పనిలో పడిన పిల్లగాడు అతను. 1992లో ఆసు యంత్రం పని మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చదువు లేదు, చేతిలో డబ్బు లేదు. అప్పులయ్యాయి. వద్దన్నవాళ్ళూ, నవ్వినవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్ వచ్చి పని చేసుకుంటూ, సంపాదించింది యంత్రం మీదే పెట్టాడు. 1999కి యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. చేయి ఆడించే పని పోయింది.

దానికి ఆయన పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ‘మల్లేశం’ సినిమా వచ్చింది, అందులో తల్లి పాత్ర ఝాన్సీ వేశారు.

అందరూ కొడుకును మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ తల్లి పేరు యంత్రం మీద ఉంది చూడండి, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. ఎందుకంటే మన చరిత్రలో ఆడవాళ్ళ పని ఉంది, పేరు లేదు. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కండెలు చుట్టింది, ఆసు పోసింది, నూలుకు గంజి పెట్టింది ఎవరంటే ‘ఇంట్లోవాళ్ళు’ అంటాం. సొసైటీ పుస్తకంలో పేరు చాలా ఇళ్ళల్లో మగవాళ్ళదే. 2019-20 జాతీయ చేనేత గణనలో నేతగాళ్ళు, అనుబంధ పనివాళ్ళు కలిసి 35 లక్షల పైచిలుకు తేలారు. అందులో నూటికి 72 మంది ఆడవాళ్ళే. అంటే ఈ వృత్తి నిలబడింది వాళ్ళ చేతుల మీదనే. కండె అందకపోతే ఎంతటి నేతగాడికైనా మగ్గం ఆగాల్సిందే కదా!

మన దేవుడి దగ్గర ఈ తేడా లేదు. భద్రావతి సమేత భావనాఋషి అంటాం. అమ్మ పేరు చెప్పాకే అయ్య పేరు. మరి మన వంశవృక్షాల్లో తాత, ముత్తాతల పేర్లు వరుసగా ఉంటాయి, ముత్తవ్వ పేరు అడిగితే తెల్లమొహం వేస్తాం. అవ్వ పోయిన రోజు ఆమె పుట్టింటి ఊరు, ఎవరికి ఎవరు ఏమవుతారన్న లెక్క, పని నేర్పిన వైనం అన్నీ ఆమెతోనే పోతాయి.

కాబట్టి ఈ వార్షికోత్సవం సందర్భంగా ఒక మనవి. ప్రతి ఇంట్లో ఒక నోటుపుస్తకం తీయండి. అవ్వ, నాయనమ్మ, అమ్మమ్మ పేర్లు రాయండి. పుట్టింటి ఊరు, ఎన్నో ఏట రాట్నం పట్టింది, ఏ పని చేసేది, ఎవరికి నేర్పింది, ఏ చేయి నొప్పి పెట్టేది, అన్నీ రాయండి. బతికి ఉన్నవాళ్ళను ఇప్పుడే అడగండి, ఫోనులో వాళ్ళ గొంతు పట్టి ఉంచండి. తెలుగులో చెప్పినా, కన్నడంలో చెప్పినా చెప్పినట్టే రాయండి.

లక్ష్మి పేరు యంత్రం మీద నిలిచింది. మన ఇంటి తల్లుల పేర్లు కనీసం మన ఇంటి పుస్తకంలోనైనా నిలవాలి.