తోకచుక్కను చూసిన ఇల్లాలు

1702 ఏప్రిల్ 21, తెల్లవారుజాము రెండు గంటలవేళ. బెర్లిన్‌లో ఇంటాయన ఆదమరచి నిద్రపోతున్నారు. ఇల్లాలు ఒక్కర్తే ఆకాశం చూస్తోంది. కొన్ని రాత్రుల క్రితం భర్త చూసిన చుక్కను తానూ చూద్దామని వెదుకుతుంటే, తోకచుక్క కంటబడింది! ఆవిడ వెంటనే ఆయన్ని తట్టి లేపింది. లోకానికి కబురు వెళ్ళింది మాత్రం ఆయన పేరుతోనే.

ఆవిడ మరియా వింకెల్‌మాన్. చదువు చెప్పింది పాస్టరైన తండ్రి. నక్షత్రాలు చూడటం నేర్పింది క్రిస్టోఫ్ ఆర్నల్డ్ అనే రైతు. ఔను, రైతే! తనంత తాను ఖగోళం నేర్చుకున్నవాడు. ఆయన ద్వారా పరిచయమైన గాట్‌ఫ్రీడ్ కిర్ష్‌ని 1692లో పెళ్ళాడింది. వయసులో ముప్ఫై ఏళ్ళు పెద్ద. (ఈ ముచ్చట మనకేం కొత్త కాదు లెండి.)

ఆ రోజుల్లో జర్మనీలో ఖగోళశాస్త్రం చేతివృత్తిలా ఇంట్లోనే సాగేది. భర్తకు భార్యా, తండ్రికి కూతుళ్ళూ చేదోడు. 1650–1710 మధ్య అక్కడి ఖగోళజ్ఞుల్లో నూటికి పద్నాలుగుమంది ఆడవాళ్ళేనట! యూనివర్సిటీ గుమ్మం తొక్కనివ్వకపోయినా, మేడమీది దుర్భిణి దగ్గరికి రానిచ్చేవారన్నమాట.

1700లో పుట్టిన బెర్లిన్ సైన్స్ అకాడమీకి రాబడి ఏమిటనుకున్నారు? క్యాలెండర్ల అమ్మకం. ఆ లెక్కలు కట్టేది కిర్ష్ దంపతులు. 1710లో ఆయన పోయారు. తోకచుక్కను చూసింది తన భార్యేనని ఆ యేడే అచ్చులో ఒప్పుకున్నారు. ఎనిమిదేళ్ళకు!

మరియా అకాడమీకి అర్జీ పెట్టుకుంది. పెద్ద పదవికి కాదు, భర్తకు ఒంట్లో బాగాలేనప్పుడు తాను చేసిన ఆ క్యాలెండర్ల పనికే. లైబ్నిట్జ్ అంతటివాడు వెనకేసుకొచ్చాడు. కార్యదర్శి ససేమిరా అన్నాడు. భర్త బతికుండగానే ఆడది చేసే క్యాలెండరని జనం నవ్వారు, ఇప్పుడు ఉద్యోగమే ఇస్తే ఇంకా నోళ్ళు వెళ్ళబెడతారని ఆయన బెంగ. ఇది చదివి ముందు నవ్వుకున్నాను, తరవాత ఒళ్ళు మండింది. పని చేతకాదన్న ఊసే లేదు, చూశారా? 1712లో కుదరదని తేల్చేశారు.

1716లో ఆ పని కొడుకు క్రిస్ట్‌ఫ్రీడ్‌కి వచ్చింది. తల్లి అతనికి సహాయకురాలు. అదీ ఎంతకాలం? మరుసటి ఏడే, నక్షత్రశాల చూడవచ్చిన అతిథులతో ఎక్కువగా మాట్లాడుతోందని మందలించారు. వెనకగా ఉండాలట, మాట్లాడేది అబ్బాయట! ఆ తరవాత ఇల్లే ఖాళీ చేయించారు. 1720లో కన్నుమూసింది.

కూతుళ్ళు మాత్రం ఇంట్లో ఉండే, అన్నగారి క్యాలెండర్లకు లెక్కలు కడుతూ వచ్చారు.