ద్రాక్షతోట లేని నగరమున పానగోష్ఠి

మార్గశిరమాసపు మధ్యాహ్నమున, పొగమంచు విడిపోయి పచ్చికమీద నులివెచ్చని యెండ నిలిచిన వేళ, ఢిల్లీలో నొక హోటలు తోటయందు తెల్లని గుడ్డలు పరచిన పొడవైన బల్లల చుట్టు నలుబదిమంది కూర్చుండి, ఒక్కొక్కరి ముందును అయిదేసి గాజుచషకములు వరుసదీరియుండగా, బల్ల చివర నిలిచిన యొక మనిషి తన తోటలోని మట్టిని గురించియు, ఆ యేటి వానలను గురించియు చెప్పుచుండ, వినువారు మౌనముగా ఒక్కొక్క గుక్కను నాలుకపై త్రిప్పుకొనుచుండిన దృశ్యము మొదటిసారి చూచినప్పుడు, ఇది మనకెన్నడును సంబంధము లేని విదేశపు వేడుక యని నేననుకొంటిని. వైన్ టేస్టింగ్ అనియు, వైన్‌మేకర్స్ లంచ్ అనియు ఢిల్లీ, గురుగ్రామములలో నేడు వాడుకయైన యీ గోష్ఠుల పుట్టుపూర్వములు వెదకుకొలది ఆ భ్రమ తొలగిపోయినది.

కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణమందు సురాధ్యక్షుని విధులను చెప్పు ప్రకరణము కలదు. ధాన్యముతో కాచు సురను, బెల్లముతోను పండ్లతోను చేయు ఆసవములను, మైరేయమును వివరించిన యా యాచార్యుడు, ద్రాక్షరసముతో నైనదానికి మాత్రము మధువను పేరు పెట్టి, అది పుట్టిన దేశమే దానికి పేరని చెప్పి, కాపిశాయనము, హారహూరకము అని రెండింటిని పేర్కొనెను. కాపిశి యనగా నేటి ఆఫ్ఘనిస్థానములోని బేగ్రాము ప్రాంతము. అచ్చటి మధువును కాపిశాయనమని పిలుచుటకు పాణిని సూత్రమే యున్నది. ఫ్రెంచివారు షాంపేన్, బుర్గున్య యని నేలపేరే సీసాకు పెట్టి, దానికి చట్టము కట్టుకొని గర్వించు నియమము మన శాస్త్రగ్రంథమున నింత సూటిగా నుండుట నన్నెంతయో ఆకర్షించినది. పానగృహములకు వేరువేరు గదులును, ఆసనములును, సుగంధమును, పూలమాలలును, నీరును, ఋతువునకు తగిన సుఖమును ఉండవలెనని కూడ ఆ ప్రకరణముననే యున్నది.

వాత్స్యాయనుడు నాగరకుని వినోదములలో సమాపానకమని యొకదానిని చెప్పినాడు. ఒకరి యింట నొకనాడు, మరియొకరి యింట మరియొకనాడు కూడి, మధువు, మైరేయము, ఆసవము మొదలగువానిని, ఉప్పు, పులుపు, చేదు, కారము గల నంజుళ్ళతోను పండ్లతోను పచ్చికూరలతోను సేవించుట దాని పద్ధతి. ఏ పానమునకు ఏ తినుబండారమను ప్రశ్న, నేడు హోటలు వంటవాడు రాత్రింబవళ్ళు తలపట్టుకొను ప్రశ్న, అప్పుడే యున్నదన్నమాట. మితమును, కాలమును, అన్నమును పాటించి సేవించినది అమృతతుల్యమనియు, తప్పినది విషమనియు చరకుడు చెప్పిన హెచ్చరికను కూడ దీని ప్రక్కనే తలంపవలెను. ఈ గోష్ఠికిని కల్లుదుకాణమునకును నడుమ నున్న గీత అదే.

అయితే ఢిల్లీ ఎన్నడును కాపిశి కాలేదు. ఈ నగరము త్రాగినదే కాని పండించినది కాదు. 1527లో ఖాన్వా యుద్ధమునకు ముందు బాబరు మద్యమును విసర్జించి, వెండి బంగారు పాత్రలను పగులగొట్టించి పేదలకు పంచిపెట్టినప్పుడు, గజినీనుండి ఒంటెలపై అప్పుడే వచ్చిన ద్రాక్షమద్యమున ఉప్పు కలిపించి పులికాడిగా మార్పించెను. అనగా హిందూస్థానమున నున్న చక్రవర్తికిని మధువు కొండలు దాటి రావలసినదే. ఔరంగజేబు కాలమున ఢిల్లీలో నుండిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, ఇచ్చటి అంగళ్ళలో వైన్ దొరకదనియు, దేశమందలి ద్రాక్షతోనే చేయవచ్చును గాని హిందూ మహమ్మదీయ మతములు రెండింటి నిషేధము అడ్డమనియు, దొరకునది షిరాజుదో కెనరీ దీవులదో యనియు వ్రాసెను. షిరాజుది పారశీకమునుండి బందర్ అబ్బాసుకు, అచ్చటినుండి ఓడపై సూరతుకు వచ్చి, సూరతునుండి ఢిల్లీ చేరుటకు 46 దినములు పట్టెడిదట! ధరను తలచుకొన్న రుచియే పోవునని ఆయన వాపోయినాడు. షాజహాను 1657లో చేయించుకొన్న తెల్లని జేడ్ రాతి పానపాత్ర, మేకతలతో ముగియు పిడి గలది, నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియమున నున్నది. పాత్రను చెక్కిన శిల్పి రాజాస్థానమున నుండెను; పాత్రను నింపినదాని కర్త మాత్రము ఎవ్వరికిని కానరాని దూరమున నుండెను.

ఢిల్లీ మధువును పండింపకపోవుటకు నేలయు ఆకాశమును కారణములు. ఉత్తరభారతమున ద్రాక్ష పండునది జ్యేష్ఠమాసపు చివరను. గుత్తిలో తీపి నిండుచుండగనే తొలకరి విరుచుకొనిపడి కాయ పగిలి కుళ్ళును. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ త్వరగా పండు రకములకై పాటుపడి, రసమునకును వైన్‌కును పనికివచ్చు పూసా నవరంగ్ వంటివానిని రూపొందించినది గాని, చుట్టుప్రక్కల వైన్‌తోటలు వెలయలేదు. నాసిక ప్రాంతములోనో, వేసవియందును ఆశ్వయుజమునను రెండుమార్లు తీగను కత్తిరించి, వానలు లేని జనవరి మొదలు మార్చి వరకు కోత కోయుదురు. మనవైపు హైదరాబాదు ఖ్యాతి యంతయు అనాబ్-ఎ-షాహీ వంటి తినెడు ద్రాక్షదే.

ఇక విందు మాట. ఫ్రాన్సు దేశమున బుర్గున్యలో కోత ముగిసిననాడు తోట యజమానియు, కోసిన కూలీలును ఒకే బల్లపై భోజనము చేయు ప్రాత యాచార మొకటి కలదు; దానిని పోలే యందురు. మాసిపోయిన యీ యాచారమును మ్యోర్సో గ్రామమున 1923లో జూల్ లాఫోన్ అను తోట యజమాని తిరిగి నిలిపి, తన మిత్రులను భోజనమునకు పిలిచెను. నేటికిని నవంబరు మూడవ సోమవారమున అది జరుగుచున్నది. వచ్చువారు తమతమ సీసాలు తామే తెచ్చుకొని ప్రక్కవానికి పోయుదురు. ఆ సందర్భమున నొక రచయితకు నూరు మ్యోర్సో సీసాలు బహుమానముగా నిత్తురు. అదే ప్రాంతమున 1934లో వెలసిన వైన్‌ప్రియుల సంఘము, నేలమాళిగలో దీపపు వెలుతురున రసము రంగును చూచుటకు వాడిన చిన్న వెండి గిన్నెను, తాస్తవాఁను, తన పేరులోనే నిలుపుకొన్నది. రుచిచూచుట వ్యాపారి పని. కలిసి భుజించుట రైతు పండుగ. ఈ రెండును కలిసినదే నేటి వైన్‌మేకర్స్ లంచ్. సీసాపై కాగితము చుట్టి పేరు తెలియకుండ రుచిచూచు పద్ధతి లోకప్రసిద్ధమైనది, 1976 మే 24న పారిసులో స్టీవెన్ స్పరియర్ జరిపిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్‌లకు ప్రథమస్థానము లిచ్చినప్పుడు.

ఢిల్లీకి ఈ పానగోష్ఠి యాచారము చేరిన త్రోవలలో విదేశ రాయబార కార్యాలయములు గల చాణక్యపురి యొకటి. సుంకము లేక సీసాలు తెప్పించుకొను హక్కు దౌత్యవేత్తలకు గలదు. కావున వారి విందుబల్లలపైననే ఈ నగరవాసులలో పెక్కురు మంచి వైన్‌ను ఎరిగిరి. 2001 ఏప్రిల్ 1న దిగుమతి పరిమాణములపై నుండిన ఆంక్షలు తొలగెను. మరుసటి సంవత్సరము సుభాష్ అరోరా ఢిల్లీ వైన్ క్లబ్బును స్థాపించెను. 1980 దశకమున నారాయణగావ్‌లో శ్యామరావు చౌగులే, 1988లో నందికొండల చెంత కన్వల్ గ్రోవర్ తొలిబాట వేసియుండగా, 2000లో రాజీవ్ సామంత్ నాసికనుండి సులా వైన్‌లను తెచ్చెను. షోలాపురము జిల్లా అక్లూజ్‌లో, ఢిల్లీకి చెందిన సేఖ్రీ సోదరులును, మోహితే-పాటిల్ కుటుంబమును, ఇటలీకి చెందిన సెచ్చీ సోదరులును కలిసి ఫ్రతెల్లి, అనగా సోదరులు, అను పేరిట తోటలు నాటిరి. వారికి వైన్‌మేకరుగా వచ్చిన పియేరో మాసి ఇటలీలోని తస్కనీ ప్రాంతమువాడు. చిరకాలము 150 శాతముగా నుండిన దిగుమతి సుంకము, 2022 డిసెంబరు 29నుండి అమలైన ఒప్పందముతో ఆస్ట్రేలియా వైన్‌లపై కొంత తగ్గ నారంభించినది.

ఇందులో నాకు ముఖ్యముగా తోచునది సుంకము కాదు. బెర్నియే కాలమున ఢిల్లీకి సీసా మాత్రమే వచ్చెను. నేడు సీసాతో కూడ చేసినవాడును వచ్చుచున్నాడు. తోట లేని నగరమునకు తోటవాడే నడచివచ్చి, ఏ వాలున ఏ తీగ యున్నదో, ఏ వానకు ఏ గుత్తి పోయినదో తన నోట చెప్పి, తానే వడ్డించుట చిన్న మార్పు కాదు.

అచ్చట కూర్చున్న తెలుగువాడు బెదరవలసిన పనియు లేదు. చషకమును కాడవద్ద పట్టి, తెల్లగుడ్డకెదురుగా రంగు చూచి, త్రిప్పి, మూర్కొని, గుక్కను నోట నిలిపి, కావలసినచో ప్రక్కనున్న తమ్మపడిగలో ఉమియుట—ఇంతే విధి; ఉమియుట అమర్యాద కాదు, మర్యాద. ఎఱ్ఱ వైన్‌లో ద్రాక్షతోలునుండియు గింజనుండియు దిగు టానిన్‌ను వర్ణించుటకు నా ప్రక్కనున్నవారు మాటలకై తడుముకొనుచుండగా, నాకు మాత్రము వగరు అను మాట తటాలున దొరకినది. లేత జామకాయను కొరికినవాడును, ఉగాది పచ్చడిలో మామిడిపిందె వగరును వేపపూత చేదునుండి వేరుచేసి చెప్పగలవాడును అయిన మనవానికి ఈ విద్యలో సగము పుట్టుకతోనే అబ్బినది. కారపు కూరకు అధికమైన వగరు పొసగదు. ఇంచుక తీపి మిగిలిన చల్లని షెనాఁ బ్లాఁ గోంగూర మాంసమునకు సరిపోవునని నా యనుభవము. ఢిల్లీ వేసవిలో ఎఱ్ఱ వైన్‌ను గది వేడిమిలో విడుచుట మాత్రము తప్పు. 16 నుండి 18 డిగ్రీలకు చల్లార్పవలెను.

మద్యసేవనమునకు ఢిల్లీలో చట్టము విధించిన వయస్సు 25 సంవత్సరములు. లైసెన్సు లేని తావున పానగోష్ఠి జరుపువారు పి-10 అను తాత్కాలిక లైసెన్సు తీసికొనవలెను.

విందు చేయు వైన్‌మేకర్లకు నా విన్నప మొకటి కలదు. నాసికలో వైన్‌కు వాడు ద్రాక్షలో పెక్కుభాగము ఒప్పందముపై పండించు రైతులదే. మ్యోర్సో బల్లకు మూలమైన యాచారమున యజమాని ప్రక్కన కూలి కూర్చుండెను. ఈసారి ఢిల్లీకి వచ్చునప్పుడు, ఆ గుత్తిని పండించిన రైతును కూడ వెంటబెట్టుకొని రండు. మీ ప్రక్కన అతనికొక కుర్చీ వేయించుడు. మొదటి గుక్కను గురించి అతనినే చెప్పనిండు.