పాతర: ఇంటి కింద ధాన్యం

పత్రికల్లో “నిబంధనలకు పాతర” అనే శీర్షిక తరచు కనబడుతుంది. అది చదివే పిల్లలకు పాతర అంటే పూడ్చిపెట్టడం. బళ్లారి, రాయచూరు వైపు మన పెద్దలకు మాత్రం పాతర అంటే నేల కింద జొన్నలు దాచుకునే కొట్టు. కన్నడంలో హగేవు అంటారు. పేరేదైనా లోపలి గింజలు అవే.

దాన్ని ఎక్కడపడితే అక్కడ తవ్వేవారు కాదు. నీరు ఊరని గట్టినేల, కాస్త ఎత్తయిన చోటు చూసుకునేవారు. ఇంటి లోపలో, ముంగిట్లోనో, వీధిలోనో ఉండేది. మూతి మనిషి దిగేటంతే, కడుపు మాత్రం కుండలాగ వెడల్పు. తవ్వడం ఒక ఎత్తు, లోపల సిద్ధం చేయడం ఇంకొక ఎత్తు. అడుగునా, చుట్టుగోడలకూ గడ్డి మందంగా పరచాలి. పలచగా పరిస్తే మంటి చెమ్మ గింజకెక్కి బూజు పడుతుంది. జొన్నలు నింపాక పైన మళ్లీ గడ్డి, దానిమీద బండ, చుట్టూ మట్టి మెత్తి గాలి ఆడకుండా మూసేవారు.

కిటుకంతా ఆ మూతలోనే ఉంది. పురుగూ ఊపిరి పీలుస్తుంది, గింజా పీలుస్తుంది. మూసిన గోతిలో ప్రాణవాయువు తగ్గి, బొగ్గుపులుసు వాయువు పెరిగి పురుగు చస్తుంది. మందు చల్లనక్కరలేకుండానే జొన్నలు ఏళ్లు నిలిచేవి. అయితే ఆ గాలి మనిషిని విడిచిపెడుతుందా? మూత తీయగానే దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. వారిని పైకి తీయబోయి దిగినవారూ పోయారు. అందుకే చాలాసేపు ఆగి, తాడుతో దీపం దించి చూసేవారు. దీపం కొండెక్కితే ఎవరూ దిగరాదు. వెలుగుతూ ఉన్నా పూర్తి ధీమా లేదని ఈనాటి శాస్త్రం చెబుతుంది.

1800లో నిజాం బళ్లారి సీమను కుంపిణీకి దత్తం చేయకముందు, దండులు తిరిగే రోజుల్లో, ఇల్లు కాలినా నేల కింది గింజ మిగిలేది. కరువుకూ అదే ఆదరువు. కాని పాతర నిండాలంటే ముందు మిగులు పంట ఉండాలి గదా! 1876-78 కరువులో బళ్లారి జిల్లా దారుణంగా దెబ్బతింది. రెక్కాడితేగాని డొక్కాడని కూలివాడికి పాతర ఎక్కడిది? ఈ సంగతి పాతరలను పొగిడేవారు సాధారణంగా చెప్పరు.

1953లో బళ్లారి మైసూరులో కలిసింది. తుంగభద్ర కాలువ పారినచోట జొన్నచేలు వరిమళ్లయ్యాయి. గోనెసంచులు, గోదాములు వచ్చాయి, పాతరలు మూతపడ్డాయి. ఇప్పుడు పాత ఊళ్లలో పునాది తవ్వేటప్పుడు నేల గుల్లగా మోగితే అది పాతర కావచ్చు. గాలి ఆడనిచ్చి, రాళ్లూ గరుసూ పోసి దిమ్మిసతో కొట్టాకే దానిమీద గోడ లేపాలి.