వెస్పర్ బోట్ క్లబ్

వెస్పర్ బోట్ క్లబ్ అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో స్కూల్‌కిల్ నది ఒడ్డున ఉన్న రోయింగ్ క్లబ్. 1865లో వాషింగ్టన్ బార్జ్ క్లబ్ పేరుతో మొదలై, 1870లో ఇప్పటి పేరు పెట్టుకుంది. లాటిన్‌లో వెస్పర్ అంటే సాయంకాలం, సంధ్యాతార. ఎనిమిది మంది తెడ్లు వేసే పడవల పోటీలో 1900, 1904, 1964 ఒలింపిక్స్ బంగారు పతకాలు ఈ క్లబ్ జట్లవే. అయినా వెస్పర్ పేరు ఎక్కడ చెప్పినా ముందు గుర్తొచ్చేది ఒక తాపీ పనివాడు. చేత్తో పని చేసి కూలి తీసుకున్నవాడు పెద్దమనుషుల పక్కన పడవ నడపవచ్చా అనే తగవు ఈ క్లబ్ గడప దగ్గరే చాలాకాలం నలిగింది.

నది, పడవల ఇళ్లు

స్కూల్‌కిల్ పేరు డచ్చివాళ్లు పెట్టింది. దాగి ఉన్న నది అని దానికి అర్థం చెబుతారు. ఊరికి మంచినీళ్లు ఎక్కించడానికి 1820ల మొదట్లో ఫెయిర్‌మౌంట్ దగ్గర ఆనకట్ట వేశారు. దాంతో ఎగువన ఉరవడి తగ్గి, నది చెరువులా నిలకడగా మారింది. తాగునీటి కోసం వేసిన కట్ట పడవ పందేలకు కలిసొచ్చింది. ఒడ్డున క్లబ్బులు ఒకదాని వెనక ఒకటి వెలిశాయి. 1858లో కొన్ని కలిసి స్కూల్‌కిల్ నేవీ అనే సంఘం పెట్టుకున్నాయి. పేరులో నేవీ ఉన్నా నౌకాదళంతో దానికి పనిలేదు.

ఆ క్లబ్బుల ఇళ్ల వరసే బోట్‌హౌస్ రో. అందులో 10వ నంబరు వెస్పర్‌ది. పక్కనున్న మాల్టా క్లబ్‌తో ఉమ్మడి గోడ పెట్టుకుని 1873లో ఈ ఇల్లు కట్టారు. 1979 నుంచి ఈ వరసకు రాత్రిళ్లు దీపాల తోరణం ఉంది. ఇంటి చూరులూ అంచులూ నీళ్లలో మెరుస్తుంటాయి. 1987లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు.

పందెం పడవను ఒకసారి దగ్గరగా చూడాలి. ఎనిమిది మంది పడవ దాదాపు 17 మీటర్ల పొడుగు. వెడల్పు మాత్రం మనిషి ఇరుక్కుని కూర్చునేంతే. పీట కింద చిన్న చక్రాలుంటాయి, ముందుకూ వెనక్కూ జారుతుంది. పాదాలు పలకకు బిగించి ఉంటాయి. లాగుతున్నది చేతులే అనిపిస్తుంది కానీ అసలు బలం తొడలది. అందరూ వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ఎదర ఏముందో చూస్తూ చుక్కాని నడిపేది కాక్స్ ఒక్కడే. ఒక్క తెడ్డు రెప్పపాటు ఆలస్యమైనా పడవ ఒరుగుతుంది. కొత్తవాళ్ల అరచేతులు ముందు బొబ్బలెక్కుతాయి, తర్వాత పగులుతాయి, చివరికి కాయలు కాస్తాయి. తాపీ పట్టినా తెడ్డు పట్టినా చేతికి మిగిలేవి ఆ కాయలే.

తొలి పతకాలు, హెన్లీ తగవు

1900లో పారిస్‌లోని సేన్ నది మీద వెస్పర్ జట్టు బెల్జియం జట్టును ఓడించి ఒలింపిక్ బంగారం గెలిచింది. నాలుగేళ్లకు సెయింట్ లూయిస్‌లో మళ్లీ గెలిచింది. ఆ రెండో గెలుపును మరీ పెద్దది చేయక్కర్లేదు. ఆ పోటీకి వచ్చిన మరో జట్టు కెనడాది ఒక్కటే.

ఆ ఊపులో 1905లో ఇంగ్లండ్‌లోని హెన్లీ రెగెట్టాకు వెళ్లారు. రోయింగ్ లోకానికి హెన్లీ పెద్ద తిరునాళ్ల లాంటిది. గెలవలేదు సరికదా, తిరిగొచ్చాక అపవాదు మీద పడింది. జట్టు ప్రయాణానికి జనం దగ్గర చందాలు పోగుచేశారనీ, ఆ సొమ్ము ఆటగాళ్ల చేతికి చేరిందనీ, అలాంటప్పుడు వాళ్లు అమెచ్యూర్లు, అంటే డబ్బు తీసుకోకుండా ఆడేవాళ్లు, ఎలా అవుతారనీ ప్రశ్న. 1906లో హెన్లీ నిర్వాహకులు వెస్పర్ నుంచి గానీ, ఆ 1905 జట్టులోని ఎవరి నుంచి గానీ ఇక దరఖాస్తు తీసుకోమని తీర్మానించారు. డబ్బు విషయంలో క్లబ్ తప్పు లేదని వాదించడం కష్టం. కానీ అసలు ముల్లు అంతకుముందే నాటి ఉంది. 1879 నాటి హెన్లీ నిబంధన ప్రకారం కూలికి పనిచేసిన యంత్రపనివాడు, చేతివృత్తివాడు, శ్రామికుడు అమెచ్యూర్ కాడు. ఏనాడో చేసి మానేసినా సరే. పడవ నడపడమే బతుకుగా ఉన్నవాళ్ల విద్యను పెద్దలు ఆటగా తీసుకున్నారు. ఆ విద్య నేర్పినవాళ్లనే బయట నిలబెట్టారు.

జాన్ బి. కెల్లీ

జాన్ బ్రెండన్ కెల్లీ 1889లో ఫిలడెల్ఫియాలో, ఐర్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. పది మంది సంతానంలో ఒకడు. చిన్నతనంలోనే పనిలోకి దిగి ఇటుకలు పేర్చడం నేర్చాడు. తర్వాత సొంతంగా పెద్ద నిర్మాణ వ్యాపారం పెట్టాడు. 1920 నాటికి ఒంటరి పడవ పోటీల్లో, అంటే సింగిల్ స్కల్స్‌లో, అమెరికాలో అతనికి ఎదురు లేదు. వెస్పర్ సభ్యుడిగా హెన్లీలో డైమండ్ స్కల్స్ పోటీకి దరఖాస్తు పెట్టాడు. నిర్వాహకులు కాదన్నారు. వాళ్ల లెక్కలో కారణాలు రెండు: వెస్పర్ మీద పాత నిషేధం, అతను చేసిన తాపీ పని.

అదే ఏడాది ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ జరిగాయి. రోయింగ్ పోటీలు బ్రస్సెల్స్ దగ్గరి కాలువ మీద పెట్టారు. ఆగస్టు 29న సింగిల్ స్కల్స్ ఫైనల్లో కెల్లీకి ఎదురుపడ్డవాడు బ్రిటన్‌కు చెందిన జాక్ బెరెస్‌ఫర్డ్. ఆ ఏడాది హెన్లీలో డైమండ్ స్కల్స్ గెలిచింది అతనే. కెల్లీ ఒక్క సెకను తేడాతో నెగ్గాడు. ఆయాసం తీరీ తీరకముందే అదే రోజు బంధువైన పాల్ కాస్టెల్లోతో కలిసి డబుల్ స్కల్స్ కూడా గెలిచాడు. 1924లో ఈ ఇద్దరూ డబుల్స్ పతకాన్ని నిలబెట్టుకున్నారు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు వస్తున్న ఆస్ట్రేలియా జట్టును, అందులో ఉన్నది పోలీసులని, హెన్లీ రానివ్వలేదు. దాని మీద రేగిన దుమారం తర్వాతే, 1937లో, ఆ నిబంధన పోయింది. కెల్లీకి అవమానం జరిగి అప్పటికి పదిహేడేళ్లు. 1947లో అతని కొడుకు జాన్ కెల్లీ జూనియర్ అదే డైమండ్ స్కల్స్‌కు వెళ్లి గెలిచాడు, 1949లో మళ్లీ గెలిచాడు. కూతురు గ్రేస్ కెల్లీ హాలీవుడ్ నటి అయింది, ఆ తర్వాత మొనాకో యువరాణి. సినిమా అభిమానులకు ఆమె తెలుసు. నది ఒడ్డున మాత్రం ఆ ఇంటిపేరుకు వేరే విలువ.

1964: చీకట్లో ఫైనల్

1920 నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లే అమెరికా ఎనిమిది మంది పడవ కళాశాలల సొత్తు. యేల్, కాలిఫోర్నియా, వాషింగ్టన్, నావల్ అకాడమీ కుర్రాళ్లే వెళ్లేవారు. 1964లో వెస్పర్ ఆ వరస తెంచింది. కెల్లీ జూనియర్ అండతో, అలన్ రోజెన్‌బర్గ్ శిక్షణలో తయారైన ఈ జట్టు ఎంపిక పోటీల్లో హార్వర్డ్‌ను ఓడించింది. సైన్యంలో ఉన్న అన్నదమ్ములు టామ్, జో ఆమ్లాంగ్. నౌకాదళ అధికారి బిల్ స్టో. 34 ఏళ్ల సంసారి విలియం నెక్ట్. ఇంకా చదువుకుంటున్న హ్యూ ఫోలీ, స్టాన్ స్విక్లిన్‌స్కీ. ఎమరీ క్లార్క్, బాయిస్ బడ్ జట్టులో ఉన్నారు. కాక్స్ రాబర్ట్ జిమోన్యీకి 46 ఏళ్లు. హంగరీ తరఫున 1948లో కంచు పతకం గెలిచి, 1956లో స్వదేశానికి తిరిగి వెళ్లకుండా అమెరికా చేరినవాడు.

టోక్యో దగ్గర తోదా కాలువలో తొలి పందెంలో జర్మనీ వీళ్లను వెంట్రుకవాసిలో ఓడించింది. మరో పోటీ ఆడి ఫైనల్‌కు రావాల్సి వచ్చింది. అక్టోబరు 15న గాలి తగ్గక ఫైనల్స్ గంటల కొద్దీ వాయిదా పడ్డాయి. ఎనిమిది మంది పడవల వంతు వచ్చేసరికి పొద్దుగూకింది. ఆకాశంలోకి వెలుగు గుళ్లు పేల్చి ఆ వెలుతుర్లో పోటీ ముగించారు. చీకట్లో వీపు పెట్టి లాగుతున్న ఎనిమిది మందికి దారి జిమోన్యీ గొంతే. వెస్పర్ 6 నిమిషాల 18.23 సెకన్లలో, జర్మనీ కంటే ఐదు సెకన్లు ముందు, గీత దాటింది. సంధ్య పేరు పెట్టుకున్న క్లబ్బుకు అంతకు తగిన ఘడియ మరొకటి ఉండదేమో. పురుషుల ఎనిమిది మంది పోటీలో అమెరికా మళ్లీ ఒలింపిక్ బంగారం చూసింది 2004లోనే.

మహిళలు

ఇదే ఒడ్డున ఆడవాళ్లకు చాలాకాలం చోటు దొరకలేదు. 1938లో ఎర్నెస్టీన్ బేయర్, ఆమె స్నేహితురాళ్లు కలిసి ఫిలడెల్ఫియా గర్ల్స్ రోయింగ్ క్లబ్ పెట్టుకున్నారు. తాపీ పనివాడిని చేర్చుకున్న వెస్పర్ కూడా మహిళలకు తలుపు తీయడానికి 1970ల దాకా ఆగింది. అయినా చుట్టుపక్కల చాలా క్లబ్బుల కంటే ముందే తీసింది. ఒలింపిక్స్‌లో మహిళల రోయింగ్ మొదలైంది 1976లో, మాంట్రియల్‌లో. ఆ ఏడాది కంచు పతకం తెచ్చిన అమెరికా ఎనిమిది మంది జట్టులో వెస్పర్ సభ్యురాలు అనీటా డీఫ్రాంట్జ్ ఉంది. నల్లజాతి యువతి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లా చదవడానికి ఈ ఊరు వచ్చి క్లబ్‌లో చేరింది. 1980లో మాస్కో ఒలింపిక్స్‌ను అమెరికా బహిష్కరించినప్పుడు, ఆటగాళ్లను ఆపే హక్కు ఎవరిచ్చారని కోర్టుకెక్కింది. కేసు ఓడిపోయింది. 1986లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో సభ్యురాలైంది, 1997లో ఆ కమిటీకి తొలి మహిళా ఉపాధ్యక్షురాలైంది.

కెల్లీ జూనియర్ 1985లో అమెరికా ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడైన కొద్ది వారాలకే, పొద్దున నదిలో పడవ నడిపి పరుగెత్తుతూ వెళ్తుండగా కుప్పకూలి చనిపోయాడు. నది వెంట సాగే రోడ్డుకు ఇప్పుడు అతని పేరే. ఆ రోడ్డు పక్కన, పందేలు ముగిసే చోటికి దగ్గర్లో, పడవలో కూర్చుని తెడ్లు పట్టిన తండ్రి కెల్లీ విగ్రహం ఉంది.